అక్క మోచెయ్యి, మా ఎలుకలు

నా ఉద్యోగం ఎలుకల కాళ్ళు చూడటం. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్తాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, విషయం అక్కడితో అయిపోతుంది. అయిపోవాలనే అలా చెప్తాను. ఇంకో ప్రశ్న వేశారంటే నాకు చెమటలు పడతాయి.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు మొత్తం కప్పేసిన ఒక భవనంలో మా ఆఫీసు. కింది అంతస్తులో జావా, పై అంతస్తులో టెస్టింగ్, మధ్యలో మేము. ఎలుకలు మా దగ్గర ఉండవు, భయపడకండి. అవి ఊరి బయట ల్యాబులో ఉంటాయి, వాటి వీడియోలు మాత్రం మాకు వస్తాయి. సన్నటి కర్ర మీద ఎలుక ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. ఆ చివర ఒక చీకటి డబ్బా ఉంటుంది. అందులోకి దూరిపోవాలని దాని ఆరాటం. నడిచేటప్పుడు వెనక కాలు ఎక్కడ జారిందో మేము గుర్తు పెట్టాలి, అంతే పని.

ఒకే వీడియోను ఇద్దరం విడివిడిగా చూస్తాం. ఏ ఎలుకకు మందు పట్టారో, దేనికి వట్టి నీళ్ళు పట్టారో మా ఇద్దరిలో ఎవరికీ చెప్పరు. తెలిస్తే కన్ను అబద్ధమాడుతుందని మా సార్ అంటారు. ఇది మందు తాగిన ఎలుక అనుకుంటే చాలు, జారిన కాలు కూడా జారనట్టే కనిపిస్తుందట. మొదట్లో నాకిది చాదస్తంలా అనిపించింది. మనిషి తను చూడాలనుకున్నదే చూస్తాడని అప్పుడు నేను నమ్మలేదు.

ఆ ఎలుకలకు పుట్టుకతోనే మనుషుల జబ్బు పెట్టారు. వంశపారంపర్యంగా వచ్చే అటాక్సియా అనే జబ్బు. ఒక్క జన్యువు పాడై, తల వెనక భాగంలో ఉండే చిన్న మెదడును మెల్లగా తినేస్తుంది. ముందు నడక తూలుతుంది, తర్వాత చేతులు వణుకుతాయి, ఆఖరికి మాట ముద్దయిపోతుంది. ఎలుకకు జబ్బు ముదిరాక నీళ్ళలో మందు కలిపి తాగిస్తే ఆ పాడు జన్యువు నోరు మూసుకుంటుంది. అసలు ప్రశ్న ఆ తర్వాతే. జబ్బు ఆగడం సరే, పోయిన నడక వెనక్కి వస్తుందా? మాకు వచ్చే వీడియోలన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే.

మా నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఈ మాట ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

నాన్న పంజాగుట్టలో మా చర్చికి సంఘ పెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె ముక్కా ద్రాక్షరసమూ, ఇచ్చేటప్పుడు చిన్న చిన్న గ్లాసులు పేర్చిన ట్రే పట్టుకొని పాస్టరుగారి పక్కన నడిచేవాడు. తెల్ల లాల్చీ, నున్నగా దువ్విన తల. ఆయన్ని చూసి మాకు ఎంత గర్వమో! ఒక ఆదివారం ఆ ట్రే వంగింది. ద్రాక్షరసం తెల్ల గుడ్డ మీద, ముందు వరసలో కూర్చున్న ఒకావిడ పట్టుచీర మీద ఒలికింది. అది పొరపాటేలే అనుకున్నారు. తర్వాత నడక తూలింది. బస్టాపు దగ్గర స్తంభం పట్టుకొని నిలబడ్డాడని ఒకరు చూశారు. మాట కూడా కాస్త మడత పడుతోందని ఇంకొకరు విన్నారు. ఇంకేం కావాలి?

మా సంఘంలో తాగుడు అంటే ఎంత పెద్ద మాటో బయటివాళ్ళకు తెలియదు. బల్ల దగ్గర కూడా పులియబెట్టని ద్రాక్షరసమే వాడే మనుషులం. నాన్నను ట్రే దగ్గర నుంచి మెల్లగా తప్పించారు. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు, అంతా ప్రేమగానే చేశారు, అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. ఒక శనివారం మా ఇంటికొచ్చి ఉపవాస ప్రార్థన పెట్టారు. మా చాపల మీద కూర్చొని, నాన్న తల మీద చేతులుంచి, ఈ బిడ్డకు తాగుడు నుంచి విడుదల ఇవ్వు ప్రభువా అని కన్నీళ్ళతో ప్రార్థించారు. నాన్న జన్మలో కల్లు వాసన కూడా చూసినవాడు కాదు. మోకాళ్ళ మీద ఉండి ఆయన కూడా ఆమేన్ అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ ఆయన మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది. "నువ్వు సుత గిట్లనే చేస్తవా?" అన్నాడు నాన్న. మరి ఆమేన్ ఎందుకన్నావని అమ్మ అరిచింది. "గంత మంది నా కోసం ఏడుస్తుంటే కాదని ఎట్ల అంటనే?" అన్నాడు.

జబ్బు సంగతి తర్వాత పంజాగుట్టలో ఒక డాక్టరు చెప్పాడు. నేల మీద టైల్స్ గీత వెంట మడమకు వేళ్ళు ఆనించి నడవమన్నాడు. నాన్న నడవలేకపోయాడు. రక్తం పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం సగం అన్నాడు. ఒకరికి రాకపోతే ఇంకొకరికి వస్తుందని కాదు, ఎవరి లెక్క వారిదే. బొమ్మా బొరుసా వేసినట్టే. అక్క నా వైపు చూసింది. నేను నేల మీద గీత వైపు చూశాను.

చర్చిలో చెబుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "తాగుబోతు బిడ్డెకు సంబంధాలొస్తయ్, గీ రోగం ఉన్నోళ్ళ బిడ్డెకు ఎవడొస్తడు?" అంది. నాన్న తల ఊపాడు. ఆ పేరుతోనే పోయాడు పాపం. భూస్థాపన నాడు క్షమాపణ గురించి చాలా చక్కగా ప్రసంగించారు. నాకు ఆ శవపేటిక మీద చేత్తో కొట్టి అరవాలనిపించింది. అరవలేదు, నాకంత ధైర్యం ఎక్కడిది?

అమ్మ కూడా పోయాక అక్కా నేనూ మధురానగర్‌లో ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. సంబంధాల కోసం అమ్మ అంత దాచినా అక్క పెళ్ళి చేసుకోలేదు. ఇంకొకరిని ఇందులోకి లాగనని ఒక్క మాటలో తేల్చేసింది. నేనూ అంతే. పరీక్ష చేయించుకోవద్దని కూడా ఇద్దరం అనుకున్నాం. తెలుసుకొని చేసేదేముంది, మందు లేనప్పుడు? అక్క ఆ మాట అని హాయిగా బతికేసింది. నేను బతకలేకపోయాను. నేను పుట్టు పిరికిని. గిన్నె కింద పడితే అక్క చేతి వైపు చూసేవాణ్ణి. ఫోనులో ఆమె మాట ఒక్కటి తడబడితే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఈ ఉద్యోగం వచ్చాక ఇంకా పాడైపోయాను. రోజంతా జారే కాళ్ళను చూసిన కన్ను సాయంత్రం ఊరుకోదు కదా. మెట్రో మెట్ల మీద, మైత్రీవనం దగ్గర జనంలో, కూరగాయల బండి ముందు, ఎక్కడ చూసినా కాళ్ళే. ఆ పిల్లవాడి నడక బాగుంది, ఈ పెద్దాయనది మోకాలి నొప్పి, మనది కాదు. ఇలా ఊరందరి కాళ్ళకూ లెక్క కట్టేవాణ్ణి.

అక్క పంజాగుట్టలో ఒక బడిలో టీచరు. సాయంత్రం మెట్రోలో అమీర్‌పేటలో దిగుతుంది. నేను స్టేషన్లోకి వెళ్ళి ఎదురు చూస్తాను. ఇద్దరం కలిసి మెట్లు దిగి, దారిలో కూరలు కొనుక్కొని ఇంటికి నడిచి పోతాం. నన్ను చూడగానే ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఏం రా, మీ ఎలుకలు ఎట్లున్నయ్?"

"మంచిగనే ఉన్నయ్."

"నడుస్తున్నయా?"

"కొన్ని నడుస్తున్నయ్, కొన్ని పడుతున్నయ్."

ఆటపట్టించడానికే అడుగుతుందనుకునేవాణ్ణి. ఆమె స్వభావమే అంత. నా లంచ్ బాక్సులో జున్ను ముక్క పెట్టి, "మీ వాళ్ళకు పెట్టు" అనే మనిషి.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఆగి మోచెయ్యి నా వైపు చాపింది. "జర పట్టుకోరా తమ్మీ. మోకాలు గుంజుతుంది" అంది.

పట్టుకున్నాను. దిగుతుండగా సగంలో ఆమె అడుగు పక్కకు పడింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ పడింది. నాకు తెలిసిన అడుగు అది. కర్ర మీద ఎలుక పడిపోకుండా నిలదొక్కుకోవడానికి వేసే అడుగు. మోకాలట, మోకాలు! నాన్న కూడా మొదట్లో చెప్పులు బాగాలేవనే అన్నాడు.

ఆ రోజు నుంచి మెట్లు వచ్చినా, చర్చిలో లేచి నడవాల్సి వచ్చినా మోచెయ్యి చాపేది. నేను రోజూ పట్టుకునేవాణ్ణి, రోజూ లోపల చచ్చేవాణ్ణి. ఒకరోజు కింద నిలబడే సెక్యూరిటీ గార్డు మమ్మల్ని చూసి నవ్వాడు. "క్యా భాయ్, పొద్దు గూకనే లేదు, అప్పుడే మస్తయిందా?" అన్నాడు నాతో. నా కళ్ళు స్క్రీను చూసి చూసి ఎర్రగా ఉంటాయి, అందుకన్నాడనుకొని నేనూ నవ్వాను. అక్క మాత్రం భగ్గుమంది. "నోరు దగ్గర పెట్టుకొని మాట్లాడు! ఎవర్నంటున్నవ్? మా ఇంట్ల ఎవరూ తాగరు!" అని జనమంతా ఆగి చూసేలా అరిచింది. నాన్న గుర్తొచ్చి అంత కోపం వచ్చిందనుకున్నాను. ఆమె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు కూడా నేను జబ్బు లెక్కలోనే వేశాను.

ఆఫీసులో సార్‌ను గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టాను. నడక వెనక్కి వచ్చిన ఎలుకలు ఉన్నాయి కదా సార్, మనుషులకెప్పుడు? ఆయన మంచివాడు, ఓపికగా చెప్పాడు. చచ్చిన కణాన్ని ఎవరూ బతికించలేరు. జబ్బుపడి, ఇంకా చావని కణాలు ఉంటాయి, వాటి మీద భారం తీసేస్తే కోలుకోవచ్చు. ఎంత తొందరగా తీస్తే అంత మేలు. "కానీ ఎలుకలో వెనక్కి మళ్ళిందంటే మనిషిలో మళ్ళుతుందని కాదు. ఎలుకను బాగుచేసి మనిషి దగ్గర ఓడిపోయిన మందులు బోలెడున్నాయి" అన్నాడు. తొందరగా అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. అక్కను డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. ఏమని చెప్పి తీసుకుపోను? ముందు నాకు నిజం తెలియాలి. నా కన్ను భయపడిన కన్ను, దాన్ని నమ్మలేను.

అప్పుడు మా పద్ధతి గుర్తొచ్చింది.

కరోనా అప్పటి నుంచి మా చర్చిలో ఆరాధన ఫోన్లలో కూడా చూపిస్తున్నారు. బాల్కనీలో కెమెరా పెట్టి వెనక నుంచి తీస్తారు. మొదటి ఆదివారం అందరం వరసగా లేచి ముందుకు నడిచి, బల్ల తీసుకొని వస్తాం. ఆ వీడియోలో మేము నడిచిన ముక్క ఒకటి కత్తిరించుకున్నాను. ఆకుపచ్చ చీరలో అక్క, పక్కన ఆమె మోచెయ్యి పట్టుకొని నేను, ముందూ వెనకా ఇంకొందరు. మొహాలు కనపడవు, వీపులూ కాళ్ళూ కనపడతాయి. మర్నాడు దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళాను.

నాతోపాటు అవే వీడియోలు చూసే అమ్మాయిది రాజమండ్రి వైపు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటుంది. ఆమె కన్ను కన్ను కాదు, కత్తి. ఇంటి సంగతులేవీ ఆ అమ్మాయికి తెలియవు, అక్కను ఎప్పుడూ చూడలేదు.

"ఇదేంటండీ, మనుషులు?" అంది.

"మన పద్ధతిలోనే చూడండి. నన్నేమీ అడగొద్దు" అన్నాను.

"సరే లెండి, అడగను." కుర్చీ ముందుకు లాక్కుంది.

నేను కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాను. కింద మిర్చి బజ్జీల బండి ముందు కోచింగ్ పిల్లలు గుంపుగా ఉన్నారు. ప్రభువా, ప్రభువా అని తప్ప ఇంకో మాట రాలేదు. వెనక వీడియో ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది.

"ఆకుపచ్చ చీరావిడ గురించేనాండీ?"

"ఏమీ చెప్పను."

"ఆవిడకేం లేదండి. భేషుగ్గా నడుస్తున్నారు."

కిటికీ ఊచ పట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో గట్టిగా పాట పాడాలనిపించింది. ఎన్ని నెలల భయం! అక్కకేం లేదు. నిజంగా మోకాలే!

"కానీ పక్కనతను చూడండి" అంది.

తిరిగి చూశాను.

"ఆయనే ఆవిణ్ణి పట్టుకున్నట్టుంది కానీ, ఆవిడే ఆయన్ని మోస్తున్నారండి. ముందు ఆయన కాలు పోతోంది. తర్వాత ఈవిడ భుజం దిగుతోంది. అప్పుడు ఈవిడ అడుగు పక్కకు పడుతోంది. చూశారా? జారేది ఈయన కాలండి." వేలితో తెర మీద చూపించింది. మళ్ళీ నడిపించింది. "ఇదిగో, ఇక్కడ కూడా. ఎవరండీ ఈయన?"

నీలం గళ్ళ చొక్కా. వెనక నుంచి ఆ అమ్మాయి గుర్తుపట్టలేదు.

"మా ఇంట్లో మనిషే" అన్నాను.

"అయ్యో. అయితే డాక్టరుకి చూపించండి. ఎంత తొందరగా అయితే అంత మంచిది కదండీ, మన ఎలుకల్లాగే" అంది, చాలా ప్రేమగా.

ఆ మిగిలిన పూట ఏం పని చేశానో గుర్తు లేదు. కుర్చీలోంచి లేవడానికే భయం వేసింది. లేస్తే నడవాలి, నడిస్తే తెలుస్తుంది. ఊరందరి కాళ్ళూ చూసినవాణ్ణి, నా కాళ్ళు ఒక్కసారి చూసుకోలేదు. తూలిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది నాకు. తవ్వి వదిలేసిన ఫుట్‌పాత్, జనం తోపులాట, పాత చెప్పులు. ఆఖరికి అక్క. అక్క తూలుతోంది కాబట్టి నేనూ తూలుతున్నాననుకున్నాను.

సాయంత్రం గోడ పట్టుకొని నడిచి స్టేషన్ చేరాను. రైలు దిగి అక్క వచ్చింది. చేతిలో దిద్దాల్సిన పేపర్ల సంచి. మెట్ల దగ్గర ఎప్పటిలాగే మోచెయ్యి చాపింది. "పట్టుకోరా, మోకాలు—"

"ఏ మోకాలక్కా?" అన్నాను.

"ఆఁ?"

"ఎడమదా, కుడిదా?"

అక్క నోరు తెరిచింది, మూసింది. జనం మా ఇద్దరినీ రాసుకుంటూ దిగిపోతున్నారు. చాపిన మోచెయ్యి అలాగే ఉంది. తర్వాత సంచి కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పుడు తెల్సింది నీకు?" అని నేనే అడిగాను.

"గుడ్ ఫ్రైడే నాడు. చర్చి మెట్ల మీద తూలినవ్. మెట్టు సరిగ కట్టలేదని మేస్త్రీని తిట్టినవ్." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "గా మెట్టు మీదనే నాన్న సుత గట్లనే తిట్టేటోడు రా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పి ఏం చెయ్యాలె? నువ్వు అసలే భయపడే పోరడివి. కొన్ని దినాలన్న భయం లేకుండ నడవనీ అనుకున్న. చెయ్యి పట్టుకొమ్మంటే ఎందుకంటవ్. నాకే బాగలేదంటే పట్టుకుంటవని..."

"నీ కోసం భయపడి చచ్చిన కదా అక్కా ఇన్ని దినాలు!" అన్నాను. అరిచాననుకుంటా, కింద నుంచి గార్డు తలెత్తి చూశాడు.

"తెల్సు. నా మొహం దిక్కు, నా కాళ్ళ దిక్కు చూస్తుంటివి. నాకు తెల్వదా?" ఏడుస్తూనే నవ్వింది. "చూడనీ. నాకోసమైతే భయపడు. నీ కాళ్ళు నువ్వు చూస్కోకుంటే చాలు అనుకున్న."

నాకు ఏడుపు రాలేదు. భయమే ఉంది, అప్పటిదాకా ఆమె మీద పెట్టుకున్న భయం మొత్తం తిరిగి నా ఒంట్లోకి వచ్చినట్టుంది. కింద మెట్లు ఎన్నో ఉన్నట్టు కనిపించాయి. ప్రతి రోజూ దిగే మెట్లే. మొదటిదాని మీద కాలు పెట్టలేకపోయాను.

అక్క సంచి భుజానికి తగిలించుకుంది. మోచెయ్యి మళ్ళీ చాపింది. ఈసారి మోకాలి మాట ఎత్తలేదు.

"పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఒక మెట్టు దిగాం. నా కాలు పక్కకు పోయింది, ఆమె భుజం దిగింది, ఆమె అడుగు సర్దుకుంది. ఇప్పుడు నాకు అన్నీ వరసగా కనపడుతున్నాయి. ఇంకో మెట్టు. గార్డు ఈసారి ఏమీ అనలేదు, జనాన్ని కాస్త పక్కకు జరగమన్నాడు.

సగం దిగాక అక్క అడిగింది, రోజూ అడిగే గొంతుతోనే.

"ఏం రా, మీ ఎలుకలు ఎట్లున్నయ్?"

రోజూ ఎవరి కోసం అడిగిందో అప్పుడు తెలిసింది నాకు.

"పొద్దున ఒకటి... చివరిదాక నడిచిందక్కా" అన్నాను.

"జారలేదా?"

"జారింది. మళ్ళ ఎక్కింది."

"మందు తాగిందేనా?"

"తెల్వదు. మాకు చెప్పరు."

అక్క నా చేతిని తన పక్కకు ఇంకా దగ్గరగా లాక్కుంది. "తాగిందే అయ్యుంటది," అంది. "నడువ్."